శేషాచలం ఆకులు, హాస్పిటల్ బ్యాక్టీరియా ఒకే ల్యాబ్‌లోకి రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు ఒక రకం వార్త వస్తా ఉంటాది. ఫలానా ఆకు రసంతో మందులకు లొంగని బ్యాక్టీరియా చచ్చిపోతాది, మన కాలేజీ పిల్లలు కనిపెట్టారు అని రాసి, పక్కన తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు బ్యాక్టీరియా పెంచిన ప్లేట్ చేతిలో పట్టుకుని నిలబడిన ఫోటో వేస్తారు. ఆ ఫోటో చూస్తే నాకు సంతోషంగానే ఉంటాది, ఎందుకంటే నేను కూడా తిరుపతిలోనే మైక్రోబయాలజీ చదివి ఇక్కడే ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో కల్చర్ సెక్షన్‌లో (పేషెంట్ శాంపిల్‌లోంచి బ్యాక్టీరియాని పెంచి చూసే చోటు) పనిచేస్తా ఉండాను, ఆ ఒక్క ప్లేట్ రావడానికి ఎంత పని పడతాదో నాకు తెలుసు. అయితే వార్త మొత్తం చదివినా నాకు కావాల్సిన ఒక్క విషయం మాత్రం దొరకదు. ఆ ప్లేట్‌లో పెరిగిన బ్యాక్టీరియా యాడిది? ఏ పేషెంట్ నుంచి వచ్చింది, ఏయే మందులకు లొంగనిది?

నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం చండీగఢ్‌లో ఉండే ఎంటీసీసీ అనే కల్చర్ బ్యాంక్ నుంచి తెప్పించిన బ్యాక్టీరియా మీద చేసినవే. చిన్న గాజు ఆంప్యూల్‌లో పొడిలాగా వస్తాది, దాన్ని పెంచుకుని వాడుకుంటారు. అందులో తప్పేమీ లేదు, దేశమంతా అదే చేస్తారు, స్టాండర్డ్ స్ట్రెయిన్ (బ్యాక్టీరియాలో ఒక ఫలానా రకం) ఉంటేనే ఒక ల్యాబ్ రిజల్ట్‌ని ఇంకో ల్యాబ్‌తో పోల్చుకోగలం. కానీ ప్రాజెక్టుల్లో మామూలుగా వాడే ఆ స్ట్రెయిన్లు చాలావరకు సాదా బ్యాక్టీరియా, మామూలు యాంటీబయాటిక్‌కే చచ్చిపోయేవి. దాన్ని కరక్కాయ రసం ఆపింది అంటే, సరే, ఆపింది, కానీ మా దగ్గరికి ఐసీయూ నుంచి వచ్చే క్లెబ్సియెల్లా అనే మొండి బ్యాక్టీరియాని ఆపుతాదా అంటే అది వేరే ప్రశ్న, దానికి ఆ ప్లేట్‌లో సమాధానం లేదు. థీసిస్ మొదటి పేజీలో మాత్రం ‘డ్రగ్ రెసిస్టెంట్’ అని ఉంటాది, పేపర్లో ‘సూపర్‌బగ్’ అని వస్తాది.

మా దగ్గరికి వచ్చేవి ఎట్లా ఉంటాయో కొంచెం చెప్తాను, ఎందుకంటే బయటివాళ్ళకి రిపోర్ట్ కాగితమే కనిపిస్తాది గానీ ప్లేట్ కనిపించదు. షుగర్ ఉండే పెద్దాయన, యూరిన్ ట్యూబ్ వేసి వారం పైన అయింటాది, జ్వరం తగ్గడం లేదని యూరిన్ కల్చర్‌కి పంపిస్తారు. మేము దాన్ని పెంచి, బ్యాక్టీరియాని సెలైన్‌లో కలిపి ఎంత మసకగా ఉండాలో అంత మసకకి తెచ్చుకుని (0.5 మెక్‌ఫర్లాండ్ అంటాం, మిల్లీలీటర్‌కి 15 కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాది), దూదిపుల్లతో ముల్లర్ హింటన్ అగార్ (ప్లేట్‌లో పోసే, బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) మీద అన్ని వైపులా రుద్ది, దానిమీద మందులు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్ళలు పెట్టి రాత్రికి ఇంక్యుబేటర్‌లో పెడతాం. పొద్దున్నే తీస్తే మందు పనిచేసే బిళ్ళ చుట్టూ అద్దంలాగా తేటగా గుండ్రంగా ఖాళీ కనపడాలి. ఈ మధ్య వచ్చే కొన్ని ప్లేట్లు చూస్తే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ అంచుదాకా పచ్చికలాగా పెరిగి ఉంటాది, సెఫ్ట్రియాక్సోన్ కూడా అంతే, పిపరాసిలిన్ అంతే, మెరోపెనెమ్ బిళ్ళ పక్కనా అంతే. ప్లేట్ మొత్తం మీద ఒక్క బిళ్ళ చుట్టూ కూడా ఖాళీ ఉండదు. రిపోర్ట్‌లో వరసగా ఆర్, ఆర్, ఆర్ అని రాసుకుంటా పోవాలి, ఆర్ అంటే రెసిస్టెంట్. చివరికి కొలిస్టిన్ ఒకటి మిగులుతాది, దానికి వేరే టెస్ట్ చేయాలి, అది కిడ్నీలని దెబ్బతీసే మందు, ముందే షుగర్‌తో కిడ్నీలు బలహీనంగా ఉండే మనిషికి అది ఎక్కించాలంటే డాక్టర్లు ఎంత ఆలోచిస్తారో నేను దగ్గర్నుంచి చూశాను. రిపోర్ట్ తీసుకోవడానికి వచ్చిన కొడుకో కూతురో కౌంటర్ దగ్గర నిలబడి ‘అన్నీ ఆర్ అనే ఉండాయి కదా మేడమ్, అంటే ఏ మందూ పనిచేయదా’ అని అడుగుతారు. సగం మంది ఆ కాగితం పట్టుకుని రాయవేలూరుకో చెన్నైకో బయల్దేరతారు. అక్కడికి పోయినా బ్యాక్టీరియా అదే కదా.

ఇది మన ఒక్క ఊరి సమస్య కాదు. 2019 సంవత్సరానికి లెక్కలు వేసి లాన్సెట్ పత్రికలో వేశారు, ప్రపంచం మొత్తం మీద మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా పోయిన ప్రాణాలు దాదాపు 12 లక్షల 70 వేలు, దానికి ఏదో ఒక రకంగా సంబంధం ఉన్న చావులు 49 లక్షల పైన అని. ఇంకోపక్క కొత్త యాంటీబయాటిక్స్ కనిపెట్టే పని పెద్ద కంపెనీలు చాలావరకు వదిలేశాయి, బీపీ మాత్ర అయితే మనిషి జీవితాంతం కొంటాడు, యాంటీబయాటిక్ అయితే వారం పది రోజులు వాడి ఆపేస్తాడు, పైగా కొత్త మందు వస్తే దాన్ని దాచిపెట్టి చివరికి వాడమంటారు, అట్లాంటప్పుడు కంపెనీకి లాభం యాడ వస్తాది. అందుకే మొక్కల వైపు చూడటం నాకు చాలా సమంజసంగా అనిపిస్తాది. మొక్క పారిపోలేదు, మనలాగా తెల్లరక్తకణాలు లేవు, తన మీద పడే బూజుని, బ్యాక్టీరియాని, పురుగుని ఆకులో బెరడులో వేర్లో తయారుచేసుకునే రసాయనాలతోనే ఎదుర్కోవాలి. ఆ రసాయనాల్లో మనకు పనికొచ్చేది ఉండొచ్చు అనుకోవడం గుడ్డినమ్మకం కాదు.

అయితే ఇక్కడ ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఈరోజు హాస్పిటల్లో వాడే యాంటీబయాటిక్స్ అన్నీ బూజు నుంచి, మట్టిలో ఉండే బ్యాక్టీరియా నుంచి వచ్చినవి, లేదంటే కెమిస్టులు తయారుచేసినవి. మొక్క నుంచి తీసి సెలైన్‌లో ఎక్కించే యాంటీబయాటిక్ ఇప్పటికీ ఒక్కటి కూడా లేదు. దానికి ఒక కారణం ఆలోచించదగ్గది. బ్యాక్టీరియా లోపలికి పోయిన విషాన్ని బయటికి తోసేసే పంపులు దాని పొరలోనే ఉంటాయి, మొక్క రసాయనం లోపలికి పోయేలోపే సగం బయటికి వచ్చేస్తాది. మొక్క దీనికి రెండు రసాయనాలు కలిపి వాడతాది. బెర్బెరిస్ జాతి మొక్కల్లో బెర్బెరిన్ అనే పసుపుపచ్చటి పదార్థం బ్యాక్టీరియాని చంపే పని చేస్తే, అదే మొక్కలో ఉండే ఇంకో పదార్థం, దానంతట అది దేన్నీ చంపదు, బ్యాక్టీరియా పంపుని మాత్రం మూసేస్తాదని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. మన మిరియాల్లో ఉండే పైపెరిన్ కూడా స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాలో అట్లాంటి పంపునే అడ్డుకుని సిప్రోఫ్లాక్సాసిన్ మళ్ళీ పనిచేసేలా చేస్తాదని మన దేశంలోనే జమ్మూ ల్యాబ్‌లో టెస్ట్‌ట్యూబ్ స్థాయిలో చూశారు. అంటే ఆకు రసం ఒక్కటే వేసి జోన్ (బ్యాక్టీరియా పెరగని ఆ గుండ్రటి ఖాళీ) రాలేదు అని పక్కన పెట్టేసిన మొక్కల్లో, పాత యాంటీబయాటిక్‌తో కలిపి వేస్తే పనికొచ్చేవి ఉండే అవకాశం ఉంది. మన ప్రాజెక్టుల్లో ఈ కలిపి చూసే పని చాలా తక్కువ. పైగా ఈ పని సాదా స్ట్రెయిన్ మీద చేస్తే ఏమీ తెలియదు, మందుకి లొంగని స్ట్రెయిన్ ఉంటేనే ఆ మందు మళ్ళీ పనిచేసిందా లేదా అనేది కనపడతాది. మళ్ళీ తిరిగి అదే ప్రశ్న, స్ట్రెయిన్ యాడిది?

ఇంక ఎంత మోతాదులో పనిచేసింది అన్నది ఇంకో పెద్ద విషయం. అగార్‌లో బోరర్‌తో చిన్న గుంత చేసి అందులో మిల్లీలీటర్‌కి 100 మిల్లీగ్రాములు ఉండే చిక్కటి రసం పోసి, పొద్దున్న స్కేలు పెట్టి 18 మిల్లీమీటర్ల జోన్ వచ్చింది, పక్కన యాంటీబయాటిక్ బిళ్ళకి 16 వచ్చింది, కాబట్టి మా ఆకు మందుకన్నా మేలు అని రాసేస్తారు. బిళ్ళలో ఉండేది మైక్రోగ్రాముల్లో, గుంతలో పోసింది మిల్లీగ్రాముల్లో, వెయ్యి రెట్లు తేడా. దానికి తోడు అగార్‌లో ఏది ఎంత దూరం పాకుతాది అనేది ఆ పదార్థాన్ని బట్టి మారతాది, జిడ్డుగా ఉండేది గుంత దాటి పోదు, నీళ్ళలో కరిగేది దూరం పోతాది, కాబట్టి జోన్ సైజు చూసి బలం చెప్పలేం. చెప్పాలంటే ఎంఐసీ తీయాలి, అంటే రసాన్ని సగం సగం చేసుకుంటా పోయి 96 గుంతల ప్లేట్‌లో ఏ మోతాదు దాకా బ్యాక్టీరియా పెరగకుండా ఆగిందో చూడాలి. క్లెబ్సియెల్లా లాంటివాటికి మెరోపెనెమ్ అయితే మిల్లీలీటర్‌కి 1 మైక్రోగ్రామ్ లోపల ఆగితేనే పనిచేస్తాది అని రాస్తాం. ఆకు రసానికి 10 మిల్లీగ్రాములు కావాల్సి వచ్చింది అనుకోండి, అది దానికి పదివేల రెట్లు. మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటాది, ఆ మోతాదు రక్తంలో ఉండాలంటే 50 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ (ఆకు సారం) ఒకేసారి రక్తంలోకి చేరాలి. అది అయ్యే పని కాదు. ఎండిన ఆకులో పదోవంతు ఎక్స్‌ట్రాక్ట్ వస్తాది అనుకున్నా అరకిలో ఎండాకు అయింది కదా, దాన్ని ఏ కషాయంలో తాగుతాడు మనిషి?

కానీ ఇదే లెక్కలో నాకు ఒక ఆశ కూడా కనపడతాది. రక్తంలో సాధ్యం కాని మోతాదు చర్మం మీద, పుండు మీద, నోట్లో సాధ్యమే. షుగర్ పేషెంట్ల కాలి పుండ్లు కడిగే ద్రావణం, కాలిన గాయాలకి పూత, నోరు పుక్కిలించే మందు, ఇట్లాంటి వాటికి మిల్లీలీటర్‌కి 10 మిల్లీగ్రాములు పెద్ద మోతాదు కాదు. ఎంఆర్ఎస్ఏ అనే మొండి స్టాఫిలోకాకస్ ఎక్కువగా అట్లాంటి పుండ్లలోనే కదా మాకు దొరికేది. మన పల్లెల్లో దెబ్బ తగిలితే గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండటం అందరికీ తెలుసు, ఆ మొక్క మీద గాయాలు మానే విషయంలో పరిశోధనలు కూడా ఉన్నాయి. మన పిల్లలు మొదట ఆ వైపు గురిపెడితే తొందరగా ఒక దారికి వస్తాదని నా అభిప్రాయం. (పొలంలో ఆకు తెంపి కడగకుండా నలిపి షుగర్ కాలి పుండు మీద కట్టుకుని రావొద్దని మాత్రం చేతులెత్తి దండం పెడతాను, ఆకు మీద మట్టిలో ఉండే బ్యాక్టీరియా అంతా లోపలికి పోతాది, అట్లా కట్టుకట్టుకుని వారం తర్వాత వచ్చిన కాళ్ళ నుంచి శాంపిల్ తీసిన చేతులు నావి.)

మన దగ్గర ఉండే మొక్కల సంగతి వేరే చెప్పాలా. శేషాచలం కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, ఎర్రచందనం ఒక్కటే కాదు, తెల్లకరక, మొగి, కొండసాంబ్రాణి లాంటివి ఈ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా పెద్దగా కనపడవు. వేప, తులసి, పసుపు మీద ప్రపంచమంతా వేల పేపర్లు వచ్చేశాయి, ఇంకో వేప పేపర్ వల్ల కొత్తగా తెలిసేది తక్కువ. మన కొండ మొక్కల మీద పనిచేస్తే అది మన దగ్గరే జరగాలి. అయితే అక్కడ చెట్టు నరికి బెరడు వలిచి వేరు తవ్వి కాదు. నన్నారి షర్బత్ కోసం మారెడు గడ్డలు తవ్వి తవ్వి అడవిలో ఎంత తగ్గిపోయాయో కొండకింద ఊళ్ళవాళ్ళని అడిగితే చెప్తారు. ఆకు సరిపోతే ఆకే తీసుకోవాలి, ఫారెస్ట్ పర్మిషన్‌తో తీసుకోవాలి, తీసుకున్న కొమ్మని అట్టకి అంటించి నంబర్ వేసి యూనివర్సిటీ హెర్బేరియంలో దాచాలి. నేల ఉసిరి అని తెచ్చినది నిజంగా నేల ఉసిరేనా దాని పక్క జాతా అని ఇంకో పదేళ్ళకి ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ అట్ట ఉండాలి. అది లేని రిజల్ట్‌ని నేనైతే నమ్మలేను, ఎందుకంటే ఆ నేల ఉసిరి రకాలు నాలుగు పక్కపక్కన పెడితే బాటనీ చదివినవాళ్ళే తడబడతారు.

రసం తీసే పద్ధతి కూడా చూసుకోవాలి. ఆకుని నీడలో ఆరబెట్టి, పొడికొట్టి, మెథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి లేదా సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో గంటల తరబడి మరిగించి, మెథనాల్ ఎగరగొట్టి, మిగిలిన నల్లటి బంకని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి వాడతారు. ఆ మెథనాల్ పూర్తిగా పోకపోయినా జోన్ వస్తాది, డీఎంఎస్ఓ ఎక్కువైనా వస్తాది, అందుకే ఆకు లేకుండా ఉత్త ద్రావకం పోసిన గుంత ఒకటి పక్కన ఉండి తీరాలి. కరక్కాయ, తంగేడు బెరడు లాంటి వగరు వాటిల్లో టానిన్లు ఎక్కువ, అవి ఏ ప్రోటీన్ కనపడినా పట్టుకుంటాయి, బ్యాక్టీరియాదైనా మనదైనా వాటికి తేడా లేదు, ప్లేట్‌లో జోన్ బ్రహ్మాండంగా వస్తాది, ఒంట్లోకి పోతే ఆ పని చేయవు. అందుకే బ్యాక్టీరియాని చంపే మోతాదు దగ్గర మనిషి కణాలు బతుకుతాయా లేదా అనేది కూడా పక్కనే చూడాలి, ఆ టెస్ట్ చేయని పేపర్లే ఎక్కువ. ఇంకోటి, వైద్యుడు ఇచ్చేది నీళ్ళలో కాచిన కషాయం, మనం టెస్ట్ చేసేది మెథనాల్‌లో తీసిన బంక, రెండూ ఒకటే అనుకుంటే ఎట్లా?

ఈ విషయంలో చైనా శాస్త్రవేత్త తూ యోయో గారి పని నేను మా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకి ఎప్పుడూ చెప్తా ఉంటాను. అది బ్యాక్టీరియా కాదు, మలేరియా, అప్పటికి క్లోరోక్విన్‌కి లొంగకుండా పోయిన మలేరియా. ఆమె టీమ్ పాత వైద్య గ్రంథాలు వెతికి దాదాపు 200 మూలికల నుంచి 380 పైగా రసాలు తీసి ఎలుకల మీద చూశారు. మన మాచిపత్రి జాతికే చెందిన ఒక మొక్క ఒకసారి పనిచేసినట్టు కనపడి మళ్ళీ చేస్తే పనిచేయలేదు. అక్కడ వదిలేసి ఉంటే అంతే సంగతులు. ఆమె మళ్ళీ పాత పుస్తకం తీసి చదివితే నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ ఆ ఆకుని మరిగించమని చెప్పలేదు, నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. వేడికి మందు పాడైపోతా ఉందేమో అని తక్కువ వేడిలో ఈథర్‌తో తీశారు, 1971లో ఆ రసం ఎలుకల్లో, కోతుల్లో మలేరియాని పూర్తిగా తగ్గించింది, తర్వాతి సంవత్సరం అందులోంచి అసలు పదార్థం ఆర్టెమిసినిన్‌ని విడదీశారు. 2015లో నోబెల్ వచ్చింది. ఈరోజు మలేరియాకి ఇచ్చే మందు ఎవరూ ఆకుగా నమలడం లేదు, కొలిచిన మోతాదులో మాత్రగానో ఇంజెక్షన్‌గానో తీసుకుంటా ఉన్నారు. మూలికని గౌరవించడం అంటే నాకు తెలిసి ఇదే. పాత మాటని అక్షరం వదలకుండా చదవడం, తర్వాత దాన్ని ఎక్కడా వదిలిపెట్టకుండా చివరిదాకా పరీక్షించడం.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెప్తాను. తిరుపతిలో ఏమి లేదు చెప్పండి. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, బాటనీ వాళ్ళున్నారు, బయోకెమిస్ట్రీ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా, స్విమ్స్ హాస్పిటళ్ళు ఉన్నాయి, టీటీడీ ఆయుర్వేద కాలేజీ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, ఐసర్ అనే సైన్స్ సంస్థ వచ్చింది. ఆటో ఎక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడానికి ఎంతసేపు పడతాది. హాస్పిటల్ ల్యాబ్ ఏదైనా సరే, పేషెంట్ రిపోర్ట్ ఇచ్చేశాక ఆ మొండి బ్యాక్టీరియా ప్లేట్‌ని ఏం చేస్తాం? ఆటోక్లేవ్‌లో (ఆవిరితో ఉడికించే మిషన్) పెట్టి చంపేసి పారేస్తాం, రూల్ ప్రకారం అట్లే చేయాలి. ఊరికి ఇవతల మేము మెరోపెనెమ్‌కి కూడా లొంగని క్లెబ్సియెల్లాని ఆటోక్లేవ్ చేస్తా ఉంటాం, ఊరికి అవతల ఒక పిల్ల కొండ ఆకు రసాన్ని చండీగఢ్ నుంచి వచ్చిన సాదా బ్యాక్టీరియా మీద పోస్తా ఉంటాది. మధ్యలో ఉండే దూరం కిలోమీటర్లలో లెక్కవేస్తే ఏమీ లేదు. కాగితాల్లో ఉంది, అడిగేవాళ్ళు లేకపోవడంలో ఉంది.

హాస్పిటల్‌లో దొరికే ఆ మొండి స్ట్రెయిన్లని దాచి యూనివర్సిటీ ల్యాబులకి ఇవ్వాలి అనేది నా మాట. ఇది జాగ్రత్తగా చేయాల్సిన పని, డబ్బాలో పెట్టి చేతికిచ్చే పని కాదు, ఆ మాట నేనే ముందు చెప్తాను. పేషెంట్ పేరు, ఐపీ నంబర్ అన్నీ తీసేసి ఉత్త కోడ్ మాత్రం ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, తీసుకునే ల్యాబ్‌లో బయోసేఫ్టీ క్యాబినెట్, ఆటోక్లేవ్, ట్రైనింగ్ అయిన మనుషులు ఉండాలి, ఎవరికి ఏ ట్యూబ్ పోయింది అని రిజిస్టర్ ఉండాలి. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో చేతితొడుగు లేకుండా పనిచేసే చోటికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వకూడదు, అట్లాంటి కాలేజీల పిల్లలు రసాలు తయారుచేసి పంపితే పెద్ద ల్యాబ్‌లో టెస్ట్ చేసి రిజల్ట్ వెనక్కి ఇవ్వొచ్చు, అది ఇంకా సుళువు. దాచడం కూడా పెద్ద ఖర్చు కాదు, బ్యాక్టీరియాని గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే ఏళ్ళ తరబడి ఉంటాది, ఆ ఫ్రీజర్లు మన ఊర్లో ఉండాయి. ఒక్కో స్ట్రెయిన్ పక్కన అది ఏయే మందులకి లొంగదో, వీలైతే అందులో ఎన్‌డీఎం లాంటి జీన్ (న్యూఢిల్లీ పేరుతో పిలిచే, మెరోపెనెమ్ లాంటి మందుల్ని పనిచేయనీయని జీన్) ఉందో లేదో రాసి పెట్టుకుంటే చాలు, ఢిల్లీ పేరు పెట్టారని 2010లో మన దేశంలో ఎంత గొడవ అయిందో గుర్తుండే ఉంటాది, పేరు సంగతి ఎట్లున్నా ఆ జీన్ ఉండే బ్యాక్టీరియా మాత్రం ఈరోజు మన ల్యాబుల్లో మామూలు అయిపోయింది. వెటర్నరీ వాళ్ళు కోళ్ళ ఫారాల నుంచి, పాడిపశువుల నుంచి తీసిన స్ట్రెయిన్లు కూడా అందులో చేరాలి, చిత్తూరు వైపు కోళ్ళ ఫారాలు, పాల డెయిరీలు ఎన్ని ఉన్నాయో మనకు తెలియనిది కాదు, కోళ్ళ మేతలో కొలిస్టిన్ కలపొద్దని కేంద్రం 2019లో నిషేధించింది కూడా.

ఆయుర్వేద కాలేజీ వైద్యులు ఈ పనిలో మొదటి రోజు నుంచి ఉండాలి. ఏ మూలికని ఏ కాలంలో కోయాలి, పచ్చిదా ఎండుదా, దేంతో కలపాలి అనేది వాళ్ళకి తెలుసు, అది తెలియకుండా రసం తీస్తే పనిచేయలేదు అని తప్పుగా రాసే ప్రమాదం ఉంది. యానాదుల్లో ఆకు పసర్లు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని అడిగి తెలుసుకుంటే వాళ్ళ పేరు రికార్డులో ఉండాలి, రేపు ఏదైనా మందు వస్తే అందులో వాళ్ళకి వాటా ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టం అందుకే ఉంది. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో మందు చేసినప్పుడు వచ్చిన డబ్బులో వాళ్ళకి వాటా ఇచ్చారు, మనం ఇవ్వలేమా.

ఒక సంగతి పేపర్ వాళ్ళకి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. ఆకుతో సూపర్‌బగ్ ఖతం అని హెడ్డింగ్ చూసి మాత్రలు ఆపేసేవాళ్ళు నిజంగా ఉన్నారు. మూడు రోజులు మాత్ర వేసుకుని జ్వరం తగ్గగానే ఆపి కషాయం మొదలుపెడతారు, సగం చచ్చిన బ్యాక్టీరియాలో గట్టిది మిగులుతాది. తక్కువ మోతాదులో మందు వాడితే బ్యాక్టీరియా మొండికేస్తాదని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ తీసుకుంటూనే చెప్పాడు. ఆకు మందు కదా ఏమీ కాదులే అనుకోవడం కూడా తప్పే, కరోనా టైములో తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబయి డాక్టర్లు బయటపెట్టారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన ఎట్లున్నా కాలేయం జబ్బు ఉండేవాళ్ళు అడగకుండా వాడకూడదు అనేది మాత్రం ఎవరూ కాదనరు. కాబట్టి వార్త రాసేముందు మీ విలేకరి ఆ పిల్లల్ని అడగాలి, ఏ బ్యాక్టీరియా మీద చేశారు అది ఏ మందులకి లొంగనిది, ఎంత మోతాదులో ఆగింది, మనిషి కణాల మీద చూశారా అని. సమాధానం చెప్పలేకపోతే ‘మొదటి దశలో ఉంది’ అని ఒక్క వాక్యం వేయండి చాలు. చెప్పగలిగితే మొదటి పేజీలో వేయండి, ఆ పిల్లలకి ఆ గౌరవం దక్కాలి. పనిచేయలేదు అని తేలిన మొక్కల పేర్లు కూడా ఎక్కడో ఒకచోట అచ్చవ్వాలి, లేకపోతే వచ్చే ఏడాది ఇంకో బ్యాచ్ అదే ఆకు మళ్ళీ కోసుకొచ్చి అదే పని మళ్ళీ చేస్తారు.

ఎంఎస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టులకి టాపిక్‌లు ఇచ్చేటప్పుడే ఇది మొదలుపెట్టాలి, ఎందుకంటే ఒకసారి టైటిల్ రిజిస్టర్ అయ్యాక పిల్లలు మార్చుకోలేరు. హాస్పిటల్ మైక్రోబయాలజీ హెడ్‌లు, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ హెడ్‌లు ఒకసారి కూర్చుని, ముందు పది స్ట్రెయిన్లతో మొదలుపెట్టినా చాలు, ఎంఆర్ఎస్ఏ కొన్ని, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ కొన్ని. వాటిని గ్లిజరాల్ ట్యూబుల్లోకి ఎక్కించి కోడ్ వేసి సెన్సిటివిటీ షీట్ (ఏ మందుకి లొంగుతాదో ఏదానికి లొంగదో రాసే కాగితం) తయారుచేసి ఇచ్చే పని, డ్యూటీ అయ్యాక ఉండి చేయాల్సి వచ్చినా సరే, చేయడానికి నాలాంటి టెక్నీషియన్లు ఈ ఊర్లో చాలామంది ఉన్నాం. పైనుంచి ఒక లెటర్ కావాలి. ఆ లెటర్ మీద సంతకం పెట్టగలిగే పెద్దవాళ్ళు మీ పేపర్ చదువుతారు, అందుకే దీన్ని అచ్చు వేయమని అడుగుతా ఉన్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
తిరుపతి.